నాన్-లోకల్ హెడర్ ఫైలు

మావారి మీద నాకు పెద్దగా ఫిర్యాదులు లేవు. ఉన్నది ఒక్కటే. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళ నుంచీ అది ఏమీ మారకుండా ఉంది కాబట్టి అలవాటైపోయింది కూడా. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ ఉంటుందో ఆయనకు తెలియదు. గోళ్ళు కత్తిరించుకునేది ఎక్కడుందని వారానికోసారి అడుగుతారు. తువ్వాలు ఎక్కడుందని రోజుకోసారి అడుగుతారు. తువ్వాలు చాలాసార్లు ఆయన భుజం మీదే ఉంటుంది. ఇలాంటి మనిషిని ఏరి కోరి, ఏది ఎక్కడ ఉండాలో తేల్చే కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారు.

చేసింది ఆయన పనిచేసే తీరప్రాంత గణన వ్యవస్థల సంస్థ. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్ళే దారిలో ఉంటుంది. ఉప్పుగాలికి కిటికీ చువ్వలు తుప్పు రాలుస్తుంటాయి, మిగతావన్నీ కదలకుండా ఉంటాయి. మావారు అచ్యుతరామయ్యగారు అందులో జాయింట్ డైరెక్టరు. పన్నెండేళ్ళుగా వీళ్ళు చేపల పడవల్లో బిగించడానికి ఒక చిన్న పెట్టె తయారుచేస్తున్నారు. తుఫాను వచ్చేటట్టుంటే ఒడ్డు నుంచి కబురు వెళ్తుంది, పెట్టె కూత పెట్టి తెర మీద తెలుగులో చూపిస్తుంది. పరాయి ఆపరేటింగ్ సిస్టమ్ వాడకూడదని సొంతది రాసుకున్నారు. దాని నడిమధ్యన ఉండి అన్నిటినీ నడిపించే ముక్కను కెర్నెల్ అంటారట.

ఆ కెర్నెల్‌లో రెండు విభాగాలున్నాయి. రేడియో విభాగం కబురు అందుకుంటుంది, తెర విభాగం దాన్ని చూపిస్తుంది. ఒకరు ఇచ్చేది ఇంకొకరికి అర్థం కావాలంటే ముందే ఒక ఒప్పందం ఉండాలి కదా. కబురుకు ఎన్ని అక్షరాలు, ముందు ఊరు వస్తుందా తేదీ వస్తుందా అని. ఆ ఒప్పందం రాసిపెట్టుకున్న చిన్న ఫైలును హెడర్ ఫైలు అంటారు. దీని పేరు 'కబురు డాట్ హెచ్'. పట్టుమని ముప్ఫై లైన్లు లేవు. పని చేసే ఫైళ్ళు వేరే ఉంటాయి. అవన్నీ ముందు దీన్ని చదువుకుని తర్వాత పనిలోకి దిగుతాయి.

ఇదంతా నాకు చెప్పింది మావారు కాదు, ఎదురు క్వార్టర్లో ఉండే గెద్దాడ రత్నమాణిక్యం. నిజానికి ఆ కెర్నెల్లో ముప్పాతిక భాగం రాసింది ఆవిడే. పదకొండేళ్ళ నుంచి కాంట్రాక్టు ఇంజనీరు. ప్రతి మార్చి ముప్ఫై ఒకటో తారీఖున ఆవిడ ఉద్యోగం పోతుంది, ఏప్రిల్ ఒకటిన మళ్ళీ వస్తుంది. మధ్యలో ప్రవర్తనా పత్రం అని ఒక కాగితం మీద మావారు సంతకం పెట్టాలి. ఉద్యోగం, ఎదురు క్వార్టరు, అందులో వాళ్ళమ్మ మంచం, అన్నీ ఆ కాగితం మీదే నిలబడి ఉన్నాయి.

గొడవ మొదలైంది ఎలాగంటే, కబురు డాట్ హెచ్ అటూ ఇటూ తిరిగి అప్పటికి రేడియో విభాగం ఫోల్డర్లో ఉండేది. తెర విభాగం వాళ్ళు ఒక లైను సరిచేయబోతే, మా ఫోల్డర్లో చెయ్యి పెట్టడానికి మీరెవరన్నారు రేడియోవాళ్ళు. మేమూ వాడుకునే ఫైలు మీ ఇంట్లో ఎందుకుందన్నారు తెరవాళ్ళు. మాణిక్యం మధ్యలోకి వెళ్ళి, "ఉమ్మడి అని ఒక ఫోల్డరు తెరిచి అందులో పెట్టేద్దామండి. ఇద్దరూ అక్కడే చదువుకుంటారు. పది నిమిషాల పని" అంది.

పది నిమిషాల్లో అయిపోయే పనిని సంస్థలో ఎవరూ ముట్టుకోరు. విషయం డైరెక్టరు నీలాద్రిరావుగారి దాకా వెళ్ళింది.

"ఉమ్మడి ఫోల్డరుకు బాధ్యులెవరమ్మా?" అని అడిగారట ఆయన.

"ఉమ్మడి కదండీ, అందరూ."

"అందరూ అంటే ఎవరూ కాదని. రేపు ఆ ఫైలుకేమైనా అయితే మెమో ఎవరికివ్వాలి? మెమో ఇవ్వడానికి ఒక మనిషంటూ లేని చోట ప్రభుత్వ ఆస్తిని ఉంచడమా?"

దాంతో హెడర్ ఫైళ్ళ నివాస నిర్ధారణ కమిటీ ఏర్పడింది. అది మా ఇంట్లో కూర్చునేది. సంస్థలో మీటింగు హాలు లేక కాదు. అది అన్ని విభాగాలకూ ఉమ్మడిది కాబట్టి తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో తేలక ఆరేళ్ళుగా మూసే ఉంది.

మొదటి సమావేశానికి నేను పెసర పునుగులు వేశాను. అధ్యక్షస్థానంలో మావారు, సోఫాలో డైరెక్టరుగారు, పక్కన ఆఫీసు పాలన చూసే ఏ.ఓ. వీర్రాజుగారు, డైనింగ్ బల్ల దగ్గర మాణిక్యం. ఆవిణ్ణి ప్రత్యేక ఆహ్వానితురాలిగా పిలిచారు. అంటే అడిగితే తప్ప మాట్లాడకూడదు. ఎవరూ అడగలేదు.

"ఎక్కడ పెట్టాలన్నది తర్వాతండి," అన్నారు వీర్రాజుగారు, పునుగును పచ్చడిలో ముంచుతూ. "అసలా ఫైలు ఎక్కడిది? లోకలా, నాన్-లోకలా? ముందు స్థానికత తేలాలి."

నాకు నవ్వొచ్చింది గానీ మిగతా ఎవరికీ రాలేదు. మావారైతే ఇదెలా మర్చిపోయామా అన్నట్టు నుదురు కొట్టుకున్నారు.

"నిబంధన ఉందిగా సార్," వీర్రాజుగారు అందుకున్నారు. "పిల్లలకైతే నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా ఏడేళ్ళలో నాలుగేళ్ళు ఎక్కడ చదివితే అదే లోకల్. దీనికి తరగతుల్లేవు, వెర్షన్లున్నాయి. నాలుగో వెర్షన్ నుంచి పదో వెర్షన్ దాకా చూద్దాం. నాలుగు వెర్షన్లు ఏ ఫోల్డర్లో ఉంటే ఆ ఫోల్డరుకు లోకలు."

"పరిశీలనార్హమైన ప్రతిపాదన," అన్నారు డైరెక్టరుగారు.

స్టడీ సర్టిఫికెట్లు తెప్పించారు. మూడు వారాలు పట్టింది. తేలిందేమిటంటే, ఏడింటిలో మూడు వెర్షన్లు రేడియో విభాగంలో, మూడు తెర విభాగంలో. మిగిలిన ఒక్కటీ మాణిక్యం సొంత కంప్యూటర్లో. అక్కడ ఒక ఆదివారంనాడు ఆవిడ దాన్ని బాగుచేసిందట.

"అయితే ఎక్కడా లోకల్ కాదు," మావారు తీర్పు చెప్పారు. "నాన్-లోకల్."

"మరి రెండు చోట్లా పనిచేస్తోందే?" అన్నారు డైరెక్టరుగారు.

"డెప్యుటేషన్ మీద చెయ్యొచ్చు. నెల రోజులు రేడియోలో, నెల రోజులు తెరలో."

"బదిలీ అయినప్పుడు చేరడానికి గడువివ్వాలండి," అని వీర్రాజుగారు గుర్తుచేశారు. "ఏడు రోజులు."

ఆ ప్రకారమే చేశారు. నెల తిరిగేసరికి ఫైలును రేడియో ఫోల్డరు నుంచి రిలీవ్ చేశారు. తెర ఫోల్డర్లో చేరడానికి వారం గడువుంది. ఆ వారం అది ఏ ఫోల్డర్లోనూ లేదు. కెర్నెల్ తయారవదు, తయారైనా లేవదు. సంస్థ మొత్తం చేతులు ముడుచుకుని కూర్చుంది. ఎవరైనా ఫోన్ చేస్తే ఫైలు ప్రయాణంలో ఉందని చెప్పేవారు.

మావారు ఆ వారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి కాసేపు పడుకునేవారు కూడా. నాకేం, డెప్యుటేషన్ పద్ధతి బాగానే ఉందనిపించింది.

రెండు నెలలకు ఢిల్లీ నుంచి ఏదో లెటరొచ్చి, పని నడవాలన్నారు. అప్పుడు వీర్రాజుగారికి ఇంకో ఆలోచన వచ్చింది. ఆ రోజు గారెలు.

"ఒరిజినల్ సర్టిఫికెట్లు మనం ఎవరికైనా ఇచ్చేస్తామా అండీ? ఇవ్వం. జిరాక్సు తీసి, గెజిటెడ్ ఆఫీసరు సంతకం పెట్టించి ఆ కాపీ ఇస్తాం. ఇదీ అంతే. ఒరిజినల్ బీరువాలో పెట్టేద్దాం. కావలసిన ప్రతివాళ్ళకూ ఒక ట్రూ కాపీ. ఎవరి కాపీ వాళ్ళ ఫోల్డర్లో."

మొదటిసారి మాణిక్యం అడక్కుండానే మాట్లాడింది. "ఒకరు తమ కాపీలో ఒక అంకె మారిస్తే మిగతావాటిలో మారదండి. ఒకరు వందనుకుంటారు, ఒకరు నలభై అనుకుంటారు. పెట్టె బిగుసుకుపోద్ది."

"ట్రూ కాపీని మార్చడం నేరమమ్మా," అన్నారు డైరెక్టరుగారు, చిన్నపిల్లకు చెప్పినట్టు. "నేరం ఎవరు చేస్తారు?"

కబురు డాట్ హెచ్ లైన్లన్నిటినీ కాగితం మీద ముద్రించి, లక్క సీలు వేసి, ఇనుప బీరువాలో పెట్టారు. రెండు విభాగాల్లోని ఉపవిభాగాలన్నిటికీ కలిపి పద్నాలుగు కాపీలు పంచారు. ప్రతి కాపీ నెత్తిన 'నిజప్రతి అని ధ్రువీకరించడమైనది' అని, కింద మావారి పేరు, హోదా.

నేరం పదిహేను రోజుల్లో జరిగింది. ఒడ్డు నుంచి వచ్చే హెచ్చరికలు నలభై అక్షరాల్లో పట్టడం లేదని రేడియో విభాగం తన కాపీలో నలభైని వంద చేసుకుంది. తెర విభాగానికి కబురు పెట్టింది. తెరవాళ్ళు, బీరువాలో ఒరిజినల్ మారనిదే మా కాపీ మార్చమన్నారు. బీరువా తెరవాలంటే కమిటీ కూర్చోవాలి. కమిటీలో ఒకరికి గారెలు పడక నడుం పట్టేసింది.

పెట్టె బిగుసుకుపోయింది. ఎన్నిసార్లు ఆపి వేసినా బిగుసుకుపోయింది.

మాణిక్యం వారం రోజులు చూసింది. తర్వాత ఒక ఉదయం ఎవరికీ చెప్పకుండా పద్నాలుగు కాపీలూ తీసేసి, ఉమ్మడి అని ఒక ఫోల్డరు తెరిచి, అందులో ఒకే ఒక్క ఫైలు పెట్టింది. పది నిమిషాలంది గానీ ఎనిమిదే పట్టాయట. పెట్టె లేచి కూర్చుంది. వంద అక్షరాల హెచ్చరిక మొత్తం చూపించి కూత పెట్టింది. మాణిక్యం సంతోషం పట్టలేక సాయంత్రం నాకు తాటి తాండ్ర తెచ్చిపెట్టింది.

మర్నాడు మావారు డైనింగ్ బల్ల మీద తెల్లకాగితం పరిచారు. "ఓ మెమో రాసిపెట్టవోయ్. ఘాటుగా ఉండాలి."

సంస్థలో ఉత్తరప్రత్యుత్తరాలన్నీ తెలుగులోనే జరగాలని ఉత్తర్వుంది. మావారిది కాన్వెంటు చదువు. నాది బి.ఏ. స్పెషల్ తెలుగు. కాబట్టి ఆ ఉత్తర్వు వచ్చినప్పటినుంచీ సంస్థ గాంభీర్యం కొంత మా వంటింట్లో తయారవుతూ వస్తోంది. రాసిచ్చాను. 'ప్రభుత్వ ఆస్తియగు ఫైలును అనధికారికముగా బదిలీ చేయుటయు, ధ్రువీకృత ప్రతులను నిర్మూలించుటయు మిక్కిలి గర్హనీయము. ఏడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను.'

మర్నాడు మధ్యాహ్నం మాణిక్యం ఆ కాగితం పట్టుకుని వచ్చింది.

"అక్కా, ఇందులో సగం నాకు అర్థం కాలేదు. దీనికి తెలుగులోనే సమాధానం ఇవ్వాలంట. రాసిపెడతావా?"

"గర్హనీయము అన్నమాట బాగుంది కదా," అన్నాను.

"ఏం బావుంటది, తిట్టుగా అది!"

సమాధానం రాసిచ్చాను. ఎంతైనా ఎదురింటి మనిషి. సాయంత్రం మావారు అది చదివి మండిపడ్డారు. "చూశావా ఎంత పొగరో! 'ప్రయోజనమును సాధించిన చర్యను గర్హించుట విజ్ఞులకు తగునా' అంట! ఇంజనీరుకు ఇంత భాష ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"భాష మాత్రం బాగుందండి."

"అదే కదా నా బాధ! దీన్ని మించిపోయేలా రాయి."

మించిపోయేలా రాశాను. దానికి వచ్చిన సమాధానం ఇంకా మించిపోయింది. అలా మూడు మెమోలు, మూడు సంజాయిషీలు నడిచాయి. ఇరుపక్షాలవాళ్ళూ నా కాఫీయే తాగారు. సంస్థలో ఈ ఉత్తరాలను జిరాక్సులు తీసి చదువుకుంటున్నారని తెలిసి, నాలుగో మెమోలో ఒక సంధి దగ్గర కాస్త శ్రద్ధ తీసుకున్నాను కూడా.

నాలుగో మెమో పట్టుకుని వచ్చిన రోజు మాణిక్యం కాఫీ వద్దంది.

"ఇరవై రోజులే ఉందక్కా ముప్ఫై ఒకటికి. ఈసారి సార్ సంతకం పెట్టరని ఆఫీసులో అందరూ అంటున్నారు. అమ్మని తీసుకుని ఎక్కడికి పోను? పదకొండేళ్ళు ఈ పెట్టె తప్ప ఇంకో పని చెయ్యలేదు. ఇది నేను రాసినదని చెప్పుకోడానికి ఒక కాగితం కూడా లేదు నా దగ్గర."

నా సరదా అక్కడితో తీరిపోయింది. కాగితం, కలం ఆవిడ వైపు జరిపాను. "ఈసారి నువ్వే రాయి. నువ్వు మాట్లాడినట్టే రాయి."

అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. 'అయ్యా, ఒక ఫైలు ఒకే చోట పెడితే పెట్టె పనిచేసింది. పద్నాలుగు చోట్ల పెడితే పనిచెయ్యలేదు. ఇందులో నా తప్పేంటో చెప్పండి.' నేను ఒక్క అక్షరం దిద్దలేదు.

ఆదివారం పొద్దున్న మావారు ఆ ఉత్తరం నా ముందు పెట్టారు. "దీనికి జవాబు."

"ఈ ఒక్కదానికీ మీరే రాసుకోండి. నాకు మాటలు దొరకడం లేదు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, తెల్లకాగితం ముందేసుకుని, రెండు గంటలు కూర్చున్నారు. రెండు కాఫీలు తాగారు. పైన తేదీ వేశారు. నేను వంకాయలు తరిగి వచ్చేసరికి ఆ తేదీ ఒక్కటే ఉంది.

"ఆ మాణిక్యం చెప్పినట్టు పెట్టినప్పుడు నిజంగానే పనిచేసిందా?" అని అడిగారు.

"నన్నడుగుతారేంటండీ? మీరు చూడలేదా?"

"చూసే అధికారం కమిటీకి లేదు. నివాసం వరకే మా పరిధి."

జవాబు రాయలేదు గానీ ఉత్తర్వు మాత్రం ఇచ్చారు. పెట్టె ఆవిష్కరణ ఇరవై తొమ్మిదో తారీఖున పెట్టుకున్నారు, రాజధాని నుంచి కార్యదర్శిగారు వస్తున్నారు, ఆ లోపల అన్నీ నిబంధనల ప్రకారం ఉండాలన్నారు డైరెక్టరుగారు. ఉమ్మడి ఫోల్డరు తీసేశారు. పద్నాలుగు కాపీలూ యథాస్థానాలకు వచ్చాయి, ఎవరి అంకె వారితో. రెండు విభాగాల అంకెలూ సరిపోయాయో లేదో చూసే పరిధి కూడా ఎవరికీ లేదని వేరే చెప్పనక్కర్లేదు.

ఇరవై తొమ్మిదిన సంస్థ ఆవరణలో షామియానా వేశారు. కుర్చీలు నిండాలి కాబట్టి కుటుంబాలను కూడా రమ్మన్నారు. నేను ముందు వరసలోనే కూర్చున్నాను. వేదిక మీద కార్యదర్శి మేడంగారు, డైరెక్టరుగారు, మావారు. మధ్యలో బల్ల మీద పెట్టె. మీట నొక్కడానికి ఉప్పాడ నుంచి మైలపల్లి నూకరత్నం అనే ఆవిణ్ణి పిలిపించారు. మూడు పడవలున్నాయి ఆవిడకు. ఇద్దరు కొడుకులూ ఆ పడవల్లోనే వెళ్తారు. మాణిక్యం వేదిక కింద వైర్ల దగ్గర లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఉంది.

నూకరత్నం మీట నొక్కింది. పెట్టె కూత పెట్టింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. హెచ్చరిక పాఠం డైరెక్టరుగారు స్వయంగా ఆమోదించింది.

'గౌరవనీయులైన మత్స్యకార సోదరీసోదరులకు సవినయంగా తెలియజేయునది ఏమనగా'

ఖాళీలతో కలిపి సరిగ్గా నలభై అక్షరాలు. అక్కడ పెట్టె బిగుసుకుపోయింది. ఏమనగా తర్వాత ఏమిటన్నది రాలేదు. కూత మాత్రం ఆగలేదు.

జనం చప్పట్లు కొట్టారు, అంతే కాబోలనుకుని.

"ఏమనగా?" అంది నూకరత్నం.

పెట్టె కూస్తూనే ఉంది.

"బాబూ, ఏటి సెప్తాదీ పెట్టె? తుపానొస్తందా, రాదా? నడిసముద్రంలో మా వోళ్ళు దీన్ని సూసి దణ్ణవెట్టుకోవాలా?"

కార్యదర్శిగారు డైరెక్టరుగారి వైపు తిరిగారు. డైరెక్టరుగారు లేచి గొంతు సవరించుకున్నారు. "మేడం, ఇటీవల ఒక కాంట్రాక్టు ఉద్యోగిని అనధికార బదిలీలకు పాల్పడి వ్యవస్థకు భంగం కలిగించిన దరిమిలా ఈ తాత్కాలిక అంతరాయం సంభవించింది. ఆవిడపై చర్య తుదిదశలో ఉన్నది." అని వీర్రాజుగారికి సైగ చేశారు. ఆయన ఫైల్లోంచి ప్రవర్తనా పత్రం తీసి మావారి ముందు పెట్టారు. అందులో 'కొనసాగింపుకు సిఫారసు చేయడమైనది / చేయబడలేదు. వర్తించనిది కొట్టివేయుడు' అని ఉంటుంది. మావారి చేతిలో పెన్ను కూడా పెట్టారు.

"దీన్ని ఇప్పుడు బాగుచెయ్యగలవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" కార్యదర్శిగారు అరిచి అడగవలసి వచ్చింది, ఆ కూతలో.

మాణిక్యం కింద నుంచి చెయ్యెత్తింది. "ఎనిమిది నిమిషాలండి. కానీ నేను ముట్టుకోను. ముట్టుకున్నందుకే నాకు నాలుగు మెమోలున్నాయి. ముందు నేను చేసింది తప్పో కాదో చెప్పమనండి."

"ఉత్తర్వు ఇచ్చేయండి," అన్నారు కార్యదర్శిగారు.

"ఉత్తర్వుకు కమిటీ సమావేశం కావాలండి," వీర్రాజుగారు చేతులు నలుపుకున్నారు. "సమావేశానికి ఏడు రోజుల ముందు నోటీసు..."

"ఏడ్రోజులా!" నూకరత్నం మావారి ఎదురుగా వచ్చి నిలబడింది. "నువ్వేగా బాబూ పెద్ద? నువ్వు సెప్పు. ఆయమ్మ తప్పు సేసిందా?"

మావారు లేచారు. మైకు ముందుకొచ్చారు. "కమిటీ నిర్ణయంలో పునఃపరిశీలనకు కొంత ఆస్కారం కలదని భావించవలసియున్నది."

"అంటే?" అంది నూకరత్నం.

"పొరపాటు జరిగియుండవచ్చునని తెలియవచ్చుచున్నది."

"ఎవరు సేసేరు బాబూ? దానికదే జరిగిపోయిందా?"

మావారు నా వైపు చూశారు. ఇలాంటి సమయాల్లో మాట అందించడం నాకు అలవాటే. కానీ నేను పెట్టె వైపు చూస్తూ కూర్చున్నాను, జీవితంలో ఇంత ఆసక్తికరమైన కూత వినలేదన్నట్టు.

డైరెక్టరుగారు వెనక నుంచి చొక్కా లాగుతుంటే మావారు విడిపించుకున్నారు. తర్వాత బల్ల మీదికి వంగి, పత్రంలో 'చేయబడలేదు' అన్నమాట మీద అడ్డంగా ఒక గీత గీసి, కింద సంతకం పెట్టి, మైకు పక్కకు తోసేశారు. ఆ కూతలో అందరికీ వినపడాలని గొంతు పెంచారు.

"తప్పు నేను చేశాను. మాణిక్యంగారు పెట్టిందే సరైన చోటు. నాకు తెలిసీ తీయించాను. మీరు మళ్ళీ అక్కడే పెట్టండమ్మా, నేను చేసిందే తప్పు."